ఔత్సాహిక బరి నుండి జీవనోపాధి వరకు: నిఖత్ జరీన్ క్రీడాజీవితం

(పాఠశాల ప్లాటినం జూబ్లీ సభలో ప్రధానోపాధ్యాయురాలు చేసిన ప్రసంగ పాఠం)

 

జూబ్లీ సభలో ప్రధానోపాధ్యాయురాలు లేచి నిలబడితే పాఠశాల చరిత్ర, ఉత్తీర్ణతా శాతం, కట్టవలసిన గదుల లెక్క చెప్పుట ఆనవాయితీ. ఆ విషయాలను పెద్దలు ఈ సంచికలోనే వివరముగా వ్రాసియున్నారు. కనుక నేను మన ఆటస్థలం గురించి, అందులోను మన ఆడపిల్లల గురించి నాలుగు మాటలు మనవి చేయదలచినాను. ఉత్త ఉపదేశం ఎవరి చెవికీ ఎక్కదు గనుక ఒక ముష్టియోధురాలి జీవితాన్ని ఆధారంగా తీసుకొంటున్నాను. ఆమె పేరు నిఖత్ జరీన్. తెలంగాణలోని నిజామాబాదులో 1996 జూన్ 14న జన్మించినది. రెండుసార్లు ప్రపంచ విజేత. వయస్సులో నాకు కుమార్తె వంటిది గనుక ఏకవచనంలో చెప్పుకొంటాను, గౌరవలోపమని భావించవద్దు.

నిజామాబాదు మనకు చాలా దూరమని అనిపించవచ్చు. కాని మన తొప్పూరు కనుమ దిగి సేలం వైపు సాగిపోయే 44వ నంబరు జాతీయ రహదారి ఉత్తరంగా ధర్మపురి, కృష్ణగిరి, బెంగుళూరు, అనంతపురం, కర్నూలు, హైదరాబాదు దాటి నిజామాబాదు జిల్లా గుండానే పోవుచున్నది. ఒకే త్రోవ మీద ఉన్న ఇరుగుపొరుగు వారమే మనం. అంతేకాదు, ఆ బాలిక పేరు దేశానికి మొట్టమొదట తెలిసినది మన తమిళనాడులోనే. ఆ సంగతి ముందు చెప్పెదను.

ఔత్సాహికులు, వృత్తి క్రీడాకారులు

బాక్సింగులో రెండు మార్గాలున్నవి. ఒకటి ఔత్సాహిక మార్గం. ఒలింపిక్స్, ఆసియా క్రీడలు, కామన్వెల్తు క్రీడలు దీని శిఖరాలు. అక్కడ నేడు ఒక్కొక్క పోటీ మూడు రౌండ్లు, రౌండుకు మూడు నిమిషాలు. బరి చుట్టూ అయిదుగురు న్యాయనిర్ణేతలు కూర్చుందురు. "5-0" అని పత్రికలో చదివినప్పుడు అయిదు గుద్దులు కొట్టినట్లు కాదు. అయిదుగురూ ఒక్కరినే విజేతగా ఎంచినారని అర్థం. రెండవది వృత్తి మార్గం. అక్కడ పోటీకి ఇంత అని పారితోషికం ఉండును. ప్రపంచ బిరుదు పోటీలు పురుషులకు పన్నెండు రౌండ్ల వరకు సాగును.

ఈ రెండింటి నడుమ పెద్ద గోడ కట్టిన దేశం క్యూబా. అక్కడి ప్రభుత్వం 1962లో వృత్తి క్రీడలను నిషేధించినది. దానికి బదులుగా క్రీడా పాఠశాలలు పెట్టి, పిల్లలను చిన్ననాడే ఎంచి, దేశం ఖర్చుతో తీర్చిదిద్దినది. ఆ విధానం నుండి వచ్చిన టియోఫిలో స్టీవెన్సన్ 1972, 1976, 1980 ఒలింపిక్స్‌లలో వరుసగా మూడు స్వర్ణపతకాలు గెలిచినారు. మహమ్మద్ అలీతో తలపడితే లక్షల డాలర్లు ఇస్తామని అమెరికా నుండి వచ్చిన ఆహ్వానాన్ని కాదని స్వదేశంలోనే ఉండిపోయినారు. ఆ దేశానికే చెందిన గిలెర్మో రిగొండో మరొక దారి పట్టినారు. 2000, 2004 ఒలింపిక్స్‌లలో రెండు స్వర్ణాలు గెలిచి, 2007లో బ్రెజిల్ క్రీడల సమయంలో జట్టును విడిచిపోయి, తిరిగి వచ్చి, జట్టులో స్థానం కోల్పోయినారు. 2009లో దేశం విడిచి అమెరికా చేరినారు. 2013లో న్యూయార్కులో నొనిటో డొనైర్‌ను ఓడించి వృత్తి బాక్సింగులోను అగ్రస్థానం అందుకొన్నారు. కాని దానికి చెల్లించిన మూల్యం స్వదేశం.

వీరిలో ఎవరు ఒప్పు, ఎవరు తప్పు అని తీర్పు చెప్పుట నా ఉద్దేశం కాదు. ఇద్దరి కథలోను ఉన్న ప్రశ్న ఒక్కటే: ప్రేమతో ఆడిన ఆట మనిషికి అన్నం పెట్టగలదా? పెట్టాలంటే ఎవరు ఏమి చేయవలెను? 2016 నుండి ఒలింపిక్స్‌లో వృత్తి బాక్సర్లకు కూడా ప్రవేశం కలిగినది. 2022 ఏప్రిల్‌లో క్యూబా సైతం తన నిషేధాన్ని సడలించినది. అయితే ఆశ్చర్యకరమైన సంగతి ఒకటున్నది. అన్ని పతకాలు గెలిచిన ఆ దేశంలో స్త్రీలకు బాక్సింగు బరిలో దిగే అనుమతి లభించినది 2022 డిసెంబరులో మాత్రమే. అప్పటికి ఏడు నెలల ముందే మన నిజామాబాదు బిడ్డ ప్రపంచ విజేత అయినది.

మైదానంలో మొలచిన ప్రశ్న

నిఖత్ తల్లిదండ్రులకు నలుగురూ ఆడపిల్లలే, ఈమె మూడవది. తండ్రి మహమ్మద్ జమీల్ అహ్మద్ స్వయంగా క్రీడాకారులు. కుమార్తెను మొదట పరుగుపందేలకు తీసుకొనిపోయినారు. మైదానంలో అన్ని ఆటలలోను అమ్మాయిలు కనబడుచున్నారు; ఒక్క బాక్సింగులో మాత్రం లేరు. ఎందుకు లేరని ఆ బాలిక తండ్రిని అడిగినది. ఆడపిల్లలకు అంత బలం లేదని లోకం అనుకొంటున్నదని తెలిసినది. ఆ మాటే ఆమెను బరి వైపు నడిపించినది.

నిజామాబాదులో ఆమెకు శిక్షణ ఇచ్చినవారిలో సంశముద్దీన్ ముఖ్యులు. వారి కుమారుడు హుసాముద్దీన్ కూడా ఆ మైదానం బిడ్డయే. 2018, 2022 కామన్వెల్తు క్రీడలలో, 2023 ప్రపంచ పోటీలలో కాంస్యపతకాలు సాధించినాడు. ఒక చిన్న పట్టణంలోని ఒక మైదానం నుండి ఇద్దరు అంతర్జాతీయ విజేతలు వచ్చినారంటే దానిని కేవలం అదృష్టమనుట న్యాయం కాదు. నేర్పేవారు ఒకరుండుట, వారు రోజూ వచ్చుట, పిల్లలను పంపే తల్లిదండ్రులుండుట, ఈ మూడూ కుదిరిన చోట అది జరిగినది.

సాధనలో తగిలిన దెబ్బలతో కుమార్తె ముఖం చూచి తల్లి కన్నీరు పెట్టుకొన్నది. ఇట్లయితే పిల్లకు పెండ్లి ఎట్లా అని బెంగపడినది. నిక్కరు తొడిగి ఆడుట గురించి బంధువులు, ఇరుగుపొరుగువారు పలు మాటలన్నారు. ఆ మాటలు తమ గడప దాటి కూతురి చెవిని పడకుండ తండ్రి అడ్డు నిలిచినారు. అమ్మలారా, అయ్యలారా, ఆ తల్లి బెంగను నేను తేలికగా తీసివేయను. ఈ సభలో కూర్చున్న ప్రతి తల్లికీ ఆ బెంగ తెలుసు. కాని ఆ తల్లి బెంగపడుతూనే బిడ్డను పంపినది. బెంగ ఉండుట వేరు, ఆ బెంగతో తలుపు మూయుట వేరు.

ఈరోడు నుండి ప్రపంచానికి

2009లో ఆమె విశాఖపట్నంలోని భారత క్రీడా ప్రాధికార సంస్థ శిక్షణ కేంద్రంలో చేరినది. అక్కడ ద్రోణాచార్య పురస్కార గ్రహీత ఐ. వెంకటేశ్వరరావు గారు గురువులు. మరుసటి సంవత్సరం, 2010లో, మన ఈరోడులో జాతీయ పోటీలు జరిగినవి. మేట్టూరు, భవాని మీదుగా మనకు కొన్ని గంటల ప్రయాణం గల ఆ ఈరోడులోనే ఆమె ఉత్తమ బాక్సరుగా ఎంపికైనది. అప్పటికి ఆమె వయస్సు ఇప్పుడు నా ఎదుట కూర్చున్న తొమ్మిదవ తరగతి అమ్మాయిల వయస్సే. మరు సంవత్సరం 2011లో టర్కీ దేశంలోని అంటాల్యాలో జరిగిన ప్రపంచ జూనియర్ పోటీలలో స్వర్ణపతకం గెలిచినది. 2014లో బల్గేరియాలో ప్రపంచ యూత్ పోటీలలో రజతం. 2015లో అస్సాంలో సీనియర్ జాతీయ బిరుదు.

ఇంతవరకు విన్నవారికి ఇది మెట్లు ఎక్కినట్లు సాగిన ప్రయాణం వలె కనబడును. 2017లో భుజానికి తగిలిన గాయం ఆమెను దాదాపు ఒక సంవత్సరం బరికి దూరం చేసినది. జూనియర్ విజేతలుగా మెరిసి, గాయపడి, మరుగున పడిపోయిన పిల్లలు మన దేశంలో ఎందరో! నిఖత్ మరల మొదటి నుండి సాధన ప్రారంభించి 2019లో బల్గేరియాలోని స్ట్రాంజా స్మారక పోటీలో స్వర్ణం, ఆసియా పోటీలలో కాంస్యం గెలిచి నిలదొక్కుకొన్నది.

పరీక్ష పెట్టండి

ఆ 2019వ సంవత్సరమే ఆమె జీవితంలో అతి క్లిష్టమైన ఘట్టం. ఆమె పోటీపడే 51 కిలోల విభాగంలోనే మేరీకోం ఉన్నారు. ఆరుసార్లు ప్రపంచ విజేత, 2012 లండన్ ఒలింపిక్స్ కాంస్యపతక గ్రహీత, దేశమంతా గౌరవించే మహాయోధురాలు. ఆ సంవత్సరం ప్రపంచ పోటీలకు ఎంపిక పరీక్ష లేకుండానే మేరీకోంను పంపినారు. టోక్యో ఒలింపిక్స్ అర్హత పోటీలకు కూడా అట్లే జరుగునేమోనని నిఖత్ కేంద్ర క్రీడామంత్రికి బహిరంగ లేఖ వ్రాసినది. స్థానం ఇవ్వమని అడుగలేదు. పరీక్ష పెట్టమని మాత్రమే అడిగినది.

2019 డిసెంబరు 28న ఢిల్లీలో ఆ పరీక్ష జరిగినది. మేరీకోం 9-1 తేడాతో గెలిచినారు. టోక్యోకు వారే వెళ్లినారు.

ఓడిపోవుట కోసమేనా అంత గొడవ అని ఆనాడు కొందరు నవ్వియుండవచ్చు. ఉపాధ్యాయురాలిగా నేను దానిని మరొక విధంగా చూచెదను. పరీక్ష వ్రాసి తప్పిన విద్యార్థికి తన కొరత ఏమిటో తెలియును. పరీక్షకే కూర్చోనీయని విద్యార్థికి ఎన్నటికీ తెలియదు. నిఖత్ ఓడినది గాని, అందరికీ ఒకే కొలబద్ద ఉండవలెనన్న న్యాయం గెలిచినది. ఆ న్యాయం మేరీకోం గారి గొప్పతనాన్ని ఏమాత్రం తగ్గించలేదు. పరీక్షలో గెలిచి వెళ్లినందువల్ల వారి గౌరవం పెరిగినదే గాని తరుగలేదు.

తరువాతి కథ దేశానికి తెలిసినదే. 2022 ఫిబ్రవరిలో స్ట్రాంజా పోటీలో టోక్యో రజతపతక గ్రహీతను ఓడించి స్వర్ణం తెచ్చినది. అదే సంవత్సరం మే 19న ఇస్తాంబుల్‌లో, 52 కిలోల విభాగంలో, థాయ్‌లాండ్ యోధురాలు జుటామస్ జిట్‌పాంగ్‌ను 5-0తో ఓడించి ప్రపంచ విజేత అయినది. మేరీకోం, సరితాదేవి, జెన్నీ, లేఖ గార్ల తరువాత ఆ గౌరవం పొందిన అయిదవ భారత మహిళ. ఆగస్టులో బర్మింగ్‌హాం కామన్వెల్తు క్రీడలలో 50 కిలోల విభాగంలో స్వర్ణం. ఆ సంవత్సరమే అర్జున పురస్కారం. 2023 మార్చి 26న ఢిల్లీలో వియత్నాం యోధురాలు గుయెన్ థి టామ్‌ను ఓడించి రెండవసారి ప్రపంచ విజేత. మేరీకోం తరువాత ఒకటికి మించి ప్రపంచ బిరుదులు గెలిచిన భారత మహిళ ఈమె.

52 నుండి 50 కిలోలకు దిగుట అంటే రెండు కిలోలే గదా అనుకోవద్దు. అప్పటికే కొవ్వు లేకుండ మలచిన శరీరం నుండి బలం పోకుండ రెండు కిలోలు తీసివేయవలెను. పోటీ నాటి ఉదయం తూకం సరిపోకపోతే నాలుగేండ్ల శ్రమ నీటిపాలు.

2024 పారిస్ ఒలింపిక్స్‌కు ఆమె వెళ్లినప్పుడు తెలుగువారందరూ పతకం ఖాయమనుకొన్నారు. మొదటి పోటీలో జర్మనీ క్రీడాకారిణిని 5-0తో ఓడించినది. ఆగస్టు 1న జరిగిన తరువాతి పోటీలో చైనాకు చెందిన వూ యూ చేతిలో 0-5తో ఓడినది. ఆ వూ యూయే చివరకు స్వర్ణం గెలిచినది. ఓడిన తరువాత నిఖత్ బరి విడువలేదు. 2025 నవంబరులో గ్రేటర్ నోయిడాలో ప్రపంచ బాక్సింగ్ కప్ ఫైనల్స్‌లో మరల స్వర్ణం అందుకొన్నది.

అన్నం పెట్టిన ఆట

ఇక వృత్తి మాట. మన దేశం నుండి వృత్తి బాక్సింగులో ప్రవేశించినవారు లేకపోలేదు. 2008 బీజింగ్ ఒలింపిక్స్ కాంస్యపతక గ్రహీత విజేందర్ సింగ్ 2015లో ఆ మార్గం పట్టినారు. కాని అది కొందరికే సాధ్యమైన దారి. మన సామాన్య కుటుంబాలలో ఆట అన్నం పెట్టుట అంటే ఆట ద్వారా ఒక ఉద్యోగం దొరకుట. నిఖత్‌కు 2021లో బ్యాంక్ ఆఫ్ ఇండియాలో ఉద్యోగం లభించినది. 2022 విజయం తరువాత తెలంగాణ ప్రభుత్వం రెండు కోట్ల రూపాయలు, ఇంటి స్థలం ప్రకటించినది. 2024 సెప్టెంబరులో ఆమె డిప్యూటీ సూపరింటెండెంట్ ఆఫ్ పోలీసుగా బాధ్యతలు స్వీకరించినది.

గమనించండి, ఈ ఉద్యోగం ఆమెకు వచ్చినది పారిస్‌లో గెలిచి కాదు. పారిస్‌లో ఓడిన తరువాత. పతకం కంటే పదిహేనేండ్ల పరిశ్రమకు విలువ కట్టుట అంటే ఇదే. క్యూబా యోధునికి దేశమా, సంపాదనా అన్న రెండింటిలో ఒకటే మిగిలినది. నిఖత్‌కు ఆ అగత్యం కలుగలేదు. మొదట ఒక మైదానం, నడుమ ఒక న్యాయమైన పరీక్ష, చివర ఒక జీవనోపాధి, ఈ మూడూ తన నేలమీదనే దొరికినవి. ప్రతిభ ఆమెది. ఈ మూడు ఇతరులు సమకూర్చవలసినవి. చివరి రెండు ప్రభుత్వాలు, సంఘాలు చూడవలసిన పనులు. మొదటిది మాత్రం మన వంటి పాఠశాలల పని.

మన మైదానం సంగతి

ఇప్పుడు మన ఊరి మాటకు వచ్చెదను. మన ప్రాంతంలో ఆడపిల్ల పుట్టుకయే భారమని తలచిన రోజులు మరీ పాతవి కావు. వద్దనుకొన్న ఆడశిశువులను ప్రాణాలతో కాపాడుటకు తమిళనాడు ప్రభుత్వం 1992లో పొరుగున ఉన్న సేలం జిల్లాలో ఊయల బిడ్డల పథకం పెట్టవలసి వచ్చినది. తరువాత దానిని మన ధర్మపురికి కూడా విస్తరింపజేసినది. ఆ దినాలను దాటి వచ్చినాము. నేడు మన తల్లిదండ్రులు ఆడపిల్లలను బడికి పంపుచున్నారు, చదివించుచున్నారు. దానికి చేతులెత్తి నమస్కరించుచున్నాను.

అయినను ఒక గడప ఇంకను దాటలేదు. నా సర్వీసంతటిలోను చూచుచున్నాను: ఆరవ తరగతిలో పరుగుపందేనికి పేర్లు ఇమ్మంటే ముందుగా చేయి ఎత్తేది అమ్మాయిలే. తొమ్మిదవ తరగతికి వచ్చేసరికి ఆ చేతులు లేవవు. నడుమ ఏమి జరిగినదో అందరికీ తెలుసు. బిడ్డ పెద్దమనిషి అయినదని ఇంట పేరంటం జరిగినది. తరువాతి సోమవారం "ఇకమీదట మా అమ్మాయిని ఆటలకు పంపవద్దు" అని ఒక చీటీ వచ్చినది. వ్రాతలు వేరైనా చీటీలోని మాట ఒకటే. నిఖత్ ఈరోడులో గెలిచిన వయస్సు సరిగ్గా అదే. ఆ తండ్రి కూడా అటువంటి చీటీ వ్రాసియుంటే దేశానికి ఒక ప్రపంచ విజేత లభించియుండేది కాదు. ఆ సంగతి ఎవరికీ తెలిసియుండేది కాదు.

చీటీ వ్రాసిన తల్లిదండ్రులను నేను నిందించను. దుస్తులు ఎట్లుండునో, వెంట ఎవరుందురో, చీకటి పడకముందే ఇల్లు చేరునో లేదో, ఈ మూడే వారి భయాలు. ఈ భయాలకు జవాబు చెప్పవలసిన బాధ్యత పాఠశాలది. అందుచేత ఈ జూబ్లీ సంవత్సరం నుండి మూడు నియమాలు పాటించదలచినాము. అమ్మాయిలు పొడుగు ప్యాంటు, పొడుగు చేతుల చొక్కాతో ఆడవచ్చును. ఏ దుస్తులన్నది ఆమె, ఆమె తల్లి నిర్ణయించుకొందురు. పోటీలకు ఏ ఊరు వెళ్లినా ఒక ఉపాధ్యాయురాలు తప్పక వెంట ఉందురు. సాయంకాలపు సాధన చివరి పల్లె బస్సుకు అరగంట ముందే ముగియును. వీనికి తోడు ఆటల పీరియడును లెక్కలకో, సైన్సుకో అప్పుగా తీసుకొనే అలవాటు ఇకమీదట ఏ తరగతిలోను ఉండదు. ఈ మాట నా సహోపాధ్యాయుల సమక్షంలోనే చెప్పుచున్నాను.

పూర్వ విద్యార్థులకు ఒక మనవి. శిలాఫలకం మీద పేరు చెక్కించే విరాళం కంటే ఒక జత బూట్లు, జిల్లా పోటీలకు పోయి వచ్చే బస్సు ఛార్జీ, సాధన తరువాత గుప్పెడు వేరుశనగలు, ఒక గుడ్డు, ఇవి ఒక బిడ్డ జీవితాన్ని మార్చును. మన రాష్ట్రంలో క్రీడాభివృద్ధి సంస్థ నడిపే వసతి గృహాలున్నవి; ప్రభుత్వ ఉద్యోగాలలో క్రీడాకారులకు ప్రత్యేక వాటా ఉన్నది. ఆ వివరాలు తమిళంలోను, ఇంగ్లీషులోను వచ్చును. మన తెలుగు మాధ్యమం పిల్లల ఇండ్లకు అవి చేరేసరికి గడువు దాటిపోవుట కద్దు. ఉద్యోగాలలో ఉన్న మీరు వాటిని సకాలంలో చదివి, తెలుగులో మాకు చెప్పండి. దరఖాస్తు నింపుట మేము చూచుకొందుము.

ప్రతి అమ్మాయి బాక్సరు కావలెనని నా కోరిక కాదు. ఆడిన పిల్లలలో నూటికి తొంబదితొమ్మిదిమంది విజేతలు కారు, నాకు తెలుసు. కాని ఆడిన పిల్ల ఓడిపోవుట నేర్చుకొనును. ఓడిన మరునాడు లేచి బడికి వచ్చుట నేర్చుకొనును. తనకు అన్యాయం జరిగినదనిపిస్తే ఏడ్వక, కోపించక, "నాకు కూడా పరీక్ష పెట్టండి" అని మర్యాదగా, గట్టిగా అడుగుట నేర్చుకొనును. అత్తవారింటనైనా, ఆఫీసులోనైనా, పొలంలోనైనా ఆ మాట ఆమెకు పనికివచ్చును.

రాబోయే సోమవారం ఉదయం ఆటలకు పేర్లు వ్రాసుకొనే పుస్తకం నా గదిలో బల్లమీద ఉంచెదను. ఈసారి తొమ్మిది, పదవ తరగతుల పుటలు ఖాళీగా ఉండకుండ చూడవలసినదిగా తల్లిదండ్రులను ప్రార్థించుచున్నాను. చీటీ వ్రాయవలెనని అనిపిస్తే వ్రాయకముందు ఒకసారి వచ్చి నాతో మాట్లాడండి. కూర్చుండి, మీ భయమేమిటో చెప్పండి. ఇద్దరము కలిసి దారి వెదకుదము.

ఈ విద్యాలయం శతవార్షికోత్సవం జరుపుకొనే నాటికి ఇక్కడి మైదానంలో ఆడిన అమ్మాయి ఒకతె ముఖ్య అతిథిగా ఈ వేదికపై కూర్చుండుగాక అని ఆశిస్తున్నాను.